అమ్మా, కలపాలా? తీసెయ్యాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బాబు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. ఎక్కాలు ఇరవై దాకా గడగడా అప్పజెప్తాడు. కూడికలు, భాగారాలు బాగానే చేస్తాడు. కానీ లెక్క మాటల్లో ఇస్తే చాలు, పెన్ను పట్టుకుని ‘అమ్మా, కలపాలా? తీసెయ్యాలా?’ అంటాడు. ఈ ఏడాది ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయాలి. అందులో నంబర్ సిరీస్‌లు వస్తాయట. అవి చూస్తేనే వాడికి టెన్షన్. నేను పదో తరగతి తప్పినదాన్ని. పత్తి ఏరడానికి పోతాను. నాకు లెక్కలు రావు. ఐదో తరగతి చదివే చెల్లెలు వాడికంటే ముందే జవాబు చెప్పేస్తుంది. అప్పుడు వాడు పుస్తకం మూసేసి బయటికి పోతాడు. నల్లగొండలో కోచింగ్‌కు పంపాలా? చెప్పగలరు.

సమాధానం: అమ్మా, ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. ‘కలపాలా, తీసెయ్యాలా’ అన్న ప్రశ్న మీ బాబుకు పుట్టుకతో వచ్చింది కాదు. మాలాంటి లెక్కల సార్లు నేర్పిందే. నేను బడిలో చేరిన కొత్తలో బోర్డు మీద రెండు గళ్లు గీసి, ‘మొత్తం, అన్నీ, ఎక్కువ అని ఉంటే కలపండి. మిగిలింది, తక్కువ, తేడా అని ఉంటే తీసెయ్యండి’ అని రాయించేవాణ్ని. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. మూడో తరగతి లెక్కలకు అది బ్రహ్మాండంగా పనిచేసేది. అక్కడే చెడింది. పనిచేసిన అలవాటును పిల్లలు వదలరు కదా.

ఒకరోజు ఈ లెక్క ఇచ్చాను. రాజు దగ్గర 45 బత్తాయిలున్నాయి. అవి రవి దగ్గరున్న వాటికంటే 12 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని? క్లాసులో చాలామంది 57 అన్నారు. ‘ఎక్కువ’ అని ఉంది కాబట్టి కలిపారు. నేను చెప్పినట్టే చేశారు పాపం. నిజానికి ఎక్కువ ఉన్నది రాజు దగ్గర. రవి దగ్గర 33 మాత్రమే. లెక్కంతా ‘కంటే’ అనే చిన్న మాట మీద ఉంది. అది ఎవరి పేరుకు తగిలితే వాళ్లతో పోల్చి చూస్తున్నామని అర్థం. పిల్లలు దాన్ని దాటేసి ‘ఎక్కువ’ మీదికి దూకుతారు.

ఇంకోటి చూడండి. ఒకాయన అంగడిలో 7 మేకలు అమ్మాడు, ఇంకా 18 మిగిలాయి. మొదట ఎన్ని? ఇందులో ‘అమ్మాడు’ ఉంది, ‘మిగిలాయి’ ఉంది. రెండూ తీసెయ్యమనే చెబుతున్నాయి. పిల్లవాడు 11 అంటాడు. అమ్మకముందు ఉన్న మేకలు అమ్మగా మిగిలినవాటికంటే తక్కువ ఎలా ఉంటాయి? ఆ మాట వాడికి తట్టదు. ఎందుకంటే వాడి కళ్ల ముందు మేకలు లేవు, 7, 18 అనే రెండు అంకెలున్నాయి.

ఇది మన పిల్లల తెలివితక్కువ అనుకోకండి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబ్ల్‌లో 1980 ప్రాంతంలో చిన్న తరగతుల పిల్లలకు ఒక వింత లెక్క ఇచ్చారు. ‘ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?’ 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు లెక్కగట్టి రాశారు. గొర్రెలకూ కెప్టెన్ వయసుకూ సంబంధం ఏమిటని అడగలేదు. బడిలో లెక్క ఇచ్చారంటే జవాబు ఉండి తీరుతుందని పిల్లల నమ్మకం. మీ బాబు మీద ప్రయోగించి చూడండి, నవ్వుకోవచ్చు. ఆ నవ్వులోంచే పాఠం మొదలుపెట్టొచ్చు.

మరి ఏం చెయ్యాలి? ఇంట్లో చింతగింజలు ఉంటాయి కదా. లెక్క చదివే ముందు అందులోని అంకెల మీద ఒక్కో గింజ పెట్టి మూసెయ్యమనండి. అంకెలు కనబడకూడదు. ఇప్పుడు చదివి, అక్కడ ఏం జరిగిందో మీకు కథలా చెప్పాలి. ‘ఒకాయన దగ్గర కొన్ని మేకలున్నాయి. కొన్ని అమ్మాడు. ఇంకా కొన్ని ఉన్నాయి. అమ్మకముందు ఎన్ని ఉన్నాయని అడుగుతున్నారు.’ ఇంతవరకూ వచ్చాక, ‘జవాబు పెద్దదిగా రావాలా, చిన్నదిగా రావాలా?’ అని ఒక్కటే అడగండి. అది చెప్పాకే గింజలు తియ్యాలి. కలపాలా తీసెయ్యాలా అని అప్పుడు వాడు మిమ్మల్ని అడగడు. మొదటి వారం విసుక్కుంటాడు, ‘అంకెలు లేకుండా లెక్కేంది’ అంటాడు. అననివ్వండి.

కథ చెప్పడం రాకపోతే తెలివి లేదని కాదు, చదివింది అర్థం కాలేదని. ఇక్కడ ఇంకో సంగతి చూసుకోవాలి. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు వేశారు. చాలామంది పిల్లలు పరీక్షలో ఇంగ్లిష్‌లోనే రాయాలి కదా అని తెలుగు పేజీ వైపు చూడరు. లెక్క రాని పిల్లలుగా మనం లెక్కవేసే వాళ్లలో కొందరికి రానిది లెక్క కాదు, ఆ ఇంగ్లిష్ వాక్యం. మీ బాబు చేత ముందు తెలుగు పేజీ చదివించండి. అర్థమయ్యాక ఇంగ్లిష్ పేజీలో అదే వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి.

తెలుగులో కూడా కొన్ని మాటలు లెక్కల్లో చాలా బరువు మోస్తాయి. ‘చొప్పున’ ఉందంటే దాని వెనక గుణకారమో భాగారమో దాక్కుని ఉంటుంది. ‘తలా ఐదు’ అంటే మనుషులు ఎంతమందో చూసుకోవాలి. ‘చెరి సగం’ అంటే ఇద్దరే. ఇవి మీ ఇంట్లో రోజూ అనుకునే మాటలే. పుస్తకంలో కనిపించేసరికి వాడికి కొత్తగా తోస్తాయి.

భాగారం వచ్చే లెక్కల్లో అసలు తమాషా ఉంది. 130ని 40తో భాగిస్తే ఎంత? మీ బాబు మూడు, శేషం పది అంటాడు. సరే. ఇప్పుడు, బడి నుంచి 130 మంది పిల్లలు నాగార్జునసాగర్ చూడటానికి పోతున్నారు, బస్సుకు 40 మంది పడతారు, ఎన్ని బస్సులు కావాలి? నాలుగు. మూడే అంటే పదిమంది పిల్లలు రోడ్డు మీద నిలబడతారు. అదే 130 రూపాయలు పట్టుకుని 40 రూపాయల నోట్‌బుక్కులు కొనబోతే? మూడే వస్తాయి. పది రూపాయలకు పావు పుస్తకం కోసి ఇవ్వరు. అదే 130 రూపాయలు 40 మందికి సమానంగా పంచితే? తలా మూడు రూపాయల పావలా. భాగారం ఒక్కటే, జవాబులు మూడు. ఏ జవాబు రాయాలో భాగారం చెప్పదు. బస్సా, పుస్తకమా, డబ్బా అన్నది చూసుకోవాలి. ఈ మూడూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి ఇవ్వండి. విడివిడిగా ఇస్తే పస పోతుంది.

మీకు లెక్కలు రావని రాశారు. నేను నమ్మను. కిలోకు 12 చొప్పున ఈ రోజు 38 కిలోల పత్తి ఏరారనుకోండి. మొన్న 200 అడ్వాన్సు తీసుకున్నారు. చేతికి ఎంత రావాలో ఆసామి కంటే ముందే మీ మనసులో ఉంటుంది. 456లోంచి 200 పోగా 256. ఒక్క రూపాయి తగ్గినా అక్కడే అడుగుతారు. గుణకారం, తీసివేత రెండూ ఉన్న లెక్క ఇది. పుస్తకం దీన్నే ‘బహుళ సోపాన సమస్య’ లాంటి పేరుతో భయపెడుతుంది.

మిత్తి సంగతి ఇంకా బాగుంటుంది. నూటికి రెండు రూపాయల మిత్తికి 15,000 తెచ్చి 8 నెలలకు కడితే, మిత్తి ఎంత? మీరు కాగితం లేకుండా చెప్పేస్తారు. 15,000లో నూర్లు 150. నూరుకు రెండు చొప్పున నెలకు 300. ఎనిమిది నెలలకు 2,400. మీ బాబు పుస్తకంలో ఇదే సాధారణ వడ్డీ. కాకపోతే పుస్తకం ఎప్పుడూ సంవత్సరానికి లెక్కగడుతుంది, మనం నెలకు అనుకుంటాం. మన రెండు రూపాయల మిత్తి పుస్తకంలో 24 శాతం అవుతుంది. 24 శాతం అని రాసి చూపిస్తే ఊళ్లో పెద్దవాళ్లకే గుండె ఝల్లుమంటుంది. పిల్లలు శాతం సంవత్సరానిది పెట్టి, కాలం నెలల్లో వేసి, అక్కడ పడిపోతారు. ఈ ఒక్క పాఠం మాత్రం వాడికి మీరే చెప్పండి. నాకంటే బాగా చెప్తారు.

భూమి కూడా అంతే. 2 ఎకరాల 30 గుంటల్లో ఎకరం 35 గుంటలు అమ్మితే ఎంత మిగులుతుంది? వాడు 2.30లోంచి 1.35 తీసేసి 0.95 అని రాస్తాడు. ఎకరానికి 40 గుంటలే, నూరు కాదు. మిగిలింది 35 గుంటలు. అన్నదమ్ముల పంపకాల్లో ఇలా తీసేస్తే గొడవలవుతాయి.

ఇప్పుడు నంబర్ సిరీస్‌ల దగ్గరికి వస్తాను, అయితే పొలం గట్టు మీదుగా వస్తాను. 100 మీటర్ల గట్టు వెంట 10 మీటర్లకొక కడీ, అంటే రాతి స్తంభం, పాతాలి. ఎన్ని కడీలు తెప్పించాలి? పది అంటారు, పెద్దవాళ్లు కూడా. పాతి చూస్తే పదకొండు కావాలి. పది అన్నది సందుల సంఖ్య. రెండు కొసల్లోనూ కడీ ఉంటుంది కాబట్టి ఒకటి ఎక్కువ. నాగార్జునసాగర్‌కు 26 గేట్లున్నాయి. ఒక గేటుకూ పక్క గేటుకూ నడుమ ఉండే దిమ్మెలు ఎన్ని? 25. ఈసారి డ్యామ్ చూడటానికి పోతే లెక్కపెట్టించండి.

ఇది తెలిస్తే సిరీస్‌లో సగం భయం పోయినట్టే. 3, 7, 11, 15... ఇలా పోతుంటే ఇరవయ్యో సంఖ్య ఏది? నాలుగు చొప్పున పెరుగుతోంది కదా అని 20 నాలుగులు కలిపి 83 అంటారు. ఇరవై కడీల మధ్య సందులు 19. మూడుకు 19 నాలుగులు కలిపితే 79. వాడు సూత్రం బట్టీ కొట్టి ఉంటాడు, అందులో ‘ఒకటి తీసెయ్’ ఎందుకొచ్చిందో తెలిసి ఉండదు. గట్టు మీద నిలబెట్టి చెప్పండి, మరిచిపోడు.

ఏ సిరీస్ ఇచ్చినా మొదట చేయాల్సింది, కింద చిన్న అక్షరాలతో పక్కపక్క సంఖ్యల తేడాలు రాసుకోవడం. 2, 5, 10, 17, 26 అని ఇస్తే తేడాలు 3, 5, 7, 9. తర్వాత 11. కాబట్టి జవాబు 37. తేడాల్లో కూడా వరస దొరకకపోతే వాటి తేడాలు రాయాలి. సంఖ్యలు గబగబా ఎగబాకుతుంటే గుణకారం అనుమానించాలి. 4, 9, 19, 39 ఉంటే రెట్టింపు చేసి ఒకటి కలుపుతున్నారు. తర్వాత 79. పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంటే, ఉదాహరణకు 5, 20, 7, 18, 9, 16 అని ఉంటే, అవి రెండు సిరీస్‌లు, జడలా అల్లారు. ఒకటి విడిచి ఒకటి చదివితే 5, 7, 9 కనబడతాయి. తర్వాతది 11. ఇరవై ఐదు దాకా వర్గాలు, పది దాకా ఘనాలు, యాభై దాకా ప్రధాన సంఖ్యలు నోటికి వస్తే చాలా ప్రశ్నలు చూడగానే తెలిసిపోతాయి. ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడికి ఇది పది రోజుల పని.

కానీ నాకు ఇష్టమైన సిరీస్ ఇంకోటి ఉంది: 1, 7, 19, 37, తర్వాత? ఇది పరీక్షల్లో వచ్చేదే. తేడాలు రాస్తే 6, 12, 18 వస్తాయి. తర్వాత 24, జవాబు 61. మార్కు వస్తుంది, సరే. ఇది ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలుసు. సంక్రాంతికి సందు చుక్కల ముగ్గు వేస్తారు కదా. ‘7 చుక్కలు, 4 వచ్చేదాకా’ అంటే నడుమ వరుసలో ఏడు, దాని పైనా కిందా ఆరేసి, తర్వాత ఐదేసి, ఆఖరికి నాలుగేసి. మొత్తం లెక్కపెట్టండి. 7, 12, 10, 8 కలిపితే 37. ‘5 నుంచి 3’ ముగ్గులో 19 చుక్కలు. ‘3 నుంచి 2’లో 7. నడుమ ఒక్క చుక్క పెడితే 1. మీ వాకిట్లో ఏటా పడే సిరీస్ ఇది.

తేడాలు ఆరు చొప్పున ఎందుకు పెరుగుతాయో కూడా ముగ్గులోనే ఉంది. సందు చుక్కల ముగ్గుకు ఆరు మూలలు. చుట్టూ ఒక వరుస అదనంగా వేసినప్పుడల్లా ఆరు వైపులా ఒక్కో చుక్క పెరుగుతుంది. మొదటి చుట్టు 6, రెండోది 12, మూడోది 18. బాబును వాకిట్లో కూర్చోబెట్టి చుట్టు చుట్టుగా చుక్కలు పెట్టించండి. తర్వాత చుక్కకు చుక్క ఎదురుగా పెట్టే ముగ్గు తీసుకోండి. 7, 5, 3, 1 అని తగ్గిపోయేది. దానికి నాలుగే మూలలు. 1 నుంచి, 3 నుంచి, 5 నుంచి, 7 నుంచి మొదలుపెడితే చుక్కలు ఎన్నెన్ని వస్తాయో, తేడాలు ఎంత చొప్పున పెరుగుతాయో లెక్కపెట్టక ముందే చెప్పమనండి. మగపిల్లవాడు ముగ్గేయడం ఏమిటని ఇంట్లో ఎవరైనా అంటే, సార్ చెప్పాడని నా మీద తోసెయ్యండి.

ఒక హెచ్చరిక. తెలివైన పిల్లలు ఒక్కోసారి ‘వేరే జవాబు ఎందుకు కాకూడదు?’ అంటారు. వాళ్ల మాట తోసెయ్యకండి. 1, 2, 4, 8, 16 తర్వాత 32 అని అందరం అంటాం. ఇప్పుడు పళ్లెం బోర్లించి కాగితం మీద గుండ్రం గీయండి. దాని అంచున చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా అన్నిటితో గీతలు గీసి కలపండి. ఒక చుక్కకు గుండ్రం ఒకే ముక్క. రెండు చుక్కలకు 2 ముక్కలు, మూడుకు 4, నాలుగుకు 8, ఐదుకు 16. ఆరో చుక్క పెడితే, మూడు గీతలు ఒకే చోట కలవకుండా చూసుకుంటే, వచ్చేవి 31 ముక్కలు. 32 కాదు. నేను మొదటిసారి గీసినప్పుడు తప్పు లెక్కపెట్టానేమోనని మూడుసార్లు లెక్కపెట్టాను. అయినా పరీక్షలో 32 ఉంటే 32 పెట్టాలి. అక్కడ అడిగేది అన్నిటికంటే సులువైన వరస. ఈ తేడా వాడికి తెలిసి ఉండాలి.

పరీక్ష గురించి క్లుప్తంగా చెప్తాను. మెంటల్ ఎబిలిటీ పేపర్లో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. సిరీస్‌లు వచ్చేది ఇందులోనే. చదువులకు సంబంధించిన రెండో పేపర్ కూడా అంతే. అంటే ప్రశ్నకు ఒక నిమిషం. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదు. నాలుగు జవాబులు ఇచ్చి ఉంటారు. పద సమస్య తెగకపోతే ఒక్కో జవాబును లెక్కలో పెట్టి చూడమనండి. మేకల లెక్కలో 11 పెట్టి చూస్తే, 7 అమ్మాక 4 మిగులుతాయి, 18 కాదు. కొట్టెయ్యొచ్చు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 వస్తుంది.

కోచింగ్ వద్దనే నా అభిప్రాయం. దేవరకొండ నుంచి నల్లగొండకు బస్సులో పోయి రావడానికే వాడి సాయంత్రమంతా పోతుంది. అక్కడ షార్ట్‌కట్‌లు చెప్తారు. అవి వట్టివని అనను. కానీ మీ వాడి జబ్బు షార్ట్‌కట్‌ల వల్ల వచ్చిందే. ఆ డబ్బులో కొంచెం పెట్టి పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించండి. చేను నుంచి అలసిపోయి వస్తారు, రోజూ కూర్చోమని చెప్పను. వారానికి మూడు రోజులు, రోజుకు మూడు లెక్కలు, గింజలతో. ఆఖరి నెలలో మాత్రం గడియారం పెట్టి చేయించండి. అంతకుముందు గడియారం వద్దు.

ఇక చెల్లెలు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది ఆ పాపే. అన్న చేస్తున్నప్పుడు జవాబు చెప్పొద్దని ఆమె నోరు కట్టెయ్యకండి, వేరే పని ఇవ్వండి. అన్న కోసం లెక్కలు తయారు చెయ్యమనండి. మీ కూలి డబ్బులు, కోళ్లు, కిరాణా చీటీ, ఏదైనా సరే. లెక్క చెయ్యడం కంటే తయారు చెయ్యడం కష్టం. ఒక్కోసారి అంకె రాయడం మరిచిపోతుంది, ఒక్కోసారి కోడికి అర గుడ్డు వస్తుంది. అలాంటిది వచ్చినప్పుడు ఎక్కడ తప్పిందో పట్టుకుని, లెక్క సరిచేసి ఇవ్వాల్సిన బాధ్యత అన్నది. పుస్తకం మూసేసి బయటికి పోయే పిల్లవాడు ఆ రోజు ఎంతసేపు కూర్చున్నాడో చూసి నాకు మళ్లీ రాయండి.